గుచ్చుకోని రాళ్లు

"సార్, ఓసారి పాదం చూపిస్తరా?"

పొద్దున్నే ఎవరైనా అడిగే మాటేనా ఇది? సుందరరావు నడక ఆపి వెనక్కి తిరిగాడు.

చేతిలో చీపురు, కాళ్లకు బరువైన బూట్లు, అరవై దాటిన మనిషి. పది రోజులుగా యూనివర్సిటీ పార్కులో గులకరాళ్ల బాట ఊడుస్తున్నాడు. జీతమిచ్చి పెట్టుకున్న మనిషి కూడా కాదట.

"పాదం దేనికయ్యా? జాతకం చెబుతావా?"

"ఊకెనే సార్. అందరియి చూస్తున్న."

సుందరరావు నవ్వుకుని ముందుకు సాగాడు. ఎవడీ మనిషి అన్న ప్రశ్న మాత్రం బుర్రలో మిగిలింది.

తార్నాకలో ఉండే సుందరరావు బ్యాంకులో రిటైరై మూడేళ్లయింది. షుగరు మాత్రం రిటైర్ కాలేదు. దాని పని పట్టడానికి పరగడుపున మెంతుల నీళ్లు, ఆపైన కాకరరసం, ఆ చేదు నోట్లో ఉండగానే క్యాంపస్‌కు వచ్చి ఉత్తికాళ్లతో గులకరాళ్ల మీద నలభై చుట్లు. అరికాళ్లలో నరాలు మేల్కొంటే షుగరు దిగుతుందని ఎవరో చెప్పారు.

మొదట్లో అడుగు వేస్తే చుక్కలు కనిపించేవి. ఇప్పుడా బాధే లేదు. పరుపు మీద నడిచినట్టు నడిచేస్తున్నాడు.

"రాళ్లు గుచ్చుకోవడం మానేశాయంటే రోగం పోయినట్టేనోయ్. సోమవారం నుంచి మాత్రలు బంద్!" అని భార్య కౌముదికి ప్రకటించేశాడు కూడా.

మర్నాడు చెప్పులు విప్పబోతుంటే మళ్లీ ఆ మనిషే.

"విప్పకుండ్రి సార్. రాళ్లు గుచ్చుకుంటున్నయా మీకు?"

"అస్సలు లేదు. అంతా తగ్గిపోయింది."

అతని మొహం వాడిపోయింది.

"గదే సార్ నా పరేషాన్. గుచ్చుకోవాలె. నాకు గూడ గట్లనే..."

"నీకెందుకయ్యా నా కాళ్ల గొడవ? పొద్దున్నే ఈ అపశకునం మాటలూ నువ్వూను!"

సుందరరావు విసురుగా చెప్పులు విడిచాడు. అతను వంగి, వాటిని చేత్తో తీసి, మళ్లీ సుందరరావు కాళ్ల ముందు పెట్టాడు. సుందరరావుకు ఒళ్లు మండిపోయింది. విడిచిన చెప్పుల మీద చెయ్యి వేసేవాణ్ణి ఏమనుకోవాలి?

గేటు దగ్గరి సెక్యూరిటీ శివకుమార్‌ను కేకేశాడు.

"వీడెవడో చెప్పుల దొంగలా ఉన్నాడు. రేపటి నుంచి లోపలికి రానివ్వకు!"

"నడువు పెద్దమనిషీ," అంటూ శివకుమార్ అతని భుజం పట్టుకున్నాడు.

అతను వాదించలేదు. కాలీడ్చుకుంటూ నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగాడు.

"ఇంటికి వోయి అమ్మకు ఒక్కసారి పాదం చూపియ్యుండ్రి సార్. మీకు ఎరుక కాదు."

ఆ మాట ఇంటిదాకా వెంటబడింది. ఏముంటుంది తన పాదంలో? ఉండబట్టలేక సుందరరావు మంచం మీద కాళ్లు చాపాడు.

"కౌముదీ, ఓసారి అరికాలు చూడు. ఏమైనా ఉందా?"

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మంచం చివర కూర్చుంది. పాదం మీదికి వంగింది.

"ఊరికే చూస్తావేం? ముట్టుకుని చూడు, పర్లేదు."

"ముట్టుకోవడమేమిటండీ, ఇందాకట్నుంచీ నొక్కుతూనే ఉన్నాను!" ఆవిడ తలెత్తింది. "మడమలో గాజుపెంకు దిగబడి ఉంది. చుట్టూ నల్లగా అయిపోయింది. మీకు నిజంగా తెలియడం లేదా?"

సుందరరావు వంగి మడమను తనే నొక్కి చూసుకున్నాడు. నిజంగానే తెలియడం లేదు.

డాక్టరు గాయం శుభ్రం చేస్తూనే చీవాట్లు పెట్టాడు.

"ఇంకో వారం ఆగితే పాదం తీసేయాల్సి వచ్చేది. రాళ్లు గుచ్చుకోనిది షుగరు తగ్గి కాదండీ, నరాలు మొద్దుబారి. మెంతులు తాగండి, నడవండి, వద్దనను. మాత్రలు మానొద్దు, చెప్పులు లేకుండా అడుగు వేయొద్దు. అవునూ, పాదం చూసుకోమని మీకు చెప్పిందెవరు?"

సుందరరావు తల దించుకున్నాడు. ఆ మనిషి పేరైనా అడగలేదు తను.

గాయం మానడానికి నెలన్నర పట్టింది. కొత్త బూట్లు తొడుక్కుని సుందరరావు మొదట వెళ్లింది ఆ గేటు దగ్గరికే.

"ఆ బాట ఊడ్చే సామేలా సార్? మల్ల రాలే. సీతాఫల్‌మండి స్టేషన్ ఎనక గల్లీల ఉంటడు," అన్నాడు శివకుమార్.

గల్లీలో వాళ్లనూ వీళ్లనూ అడుగుతూ వెళ్లి తలుపు తడితే, సామేలు కూతురు నవనీత తీసింది.

గోడకు సామేలు ఫొటో, దానికో దండ. ఆ కింద మూలకు ఆనించి ఓ కట్టుడు కాలు, బూటుతో సహా.

సుందరరావు చేతులు జోడించాడు.

"నాయిన పోయి పన్నెండు దినాలైంది సార్. కిడ్నీలు ఖరాబైనయి." కుర్చీ జరుపుతూ ఆమె సుందరరావు మొహంలోకి చూసింది. "మీరు పార్కు సారా? గా సార్ పాదం చూపిచ్చుకున్నడో లేదో అని దవాఖానల గూడ అడిగిండు."

"చూపించుకున్నానమ్మా. నా కాలు దక్కిందంటే ఆయన వల్లే. అలాంటి మనిషిని దొంగ అన్నాను, గెంటించాను." సుందరరావుకు దుఃఖం ఆగలేదు. "ఒంటికాలితో అంత దూరం వచ్చి, మాలాంటి వాళ్లతో మాటలు పడుతూ ఆ బాట ఊడవాల్సిన ఖర్మ ఏమిటమ్మా ఆయనకి?"

నవనీత ఆ కట్టుడు కాలి బూటు మీది దుమ్ము చేత్తో తుడిచింది.

"పదిహేనేండ్ల కింద, షుగర్ తగ్గుతదని నమ్మి, గా రాళ్లు మోసుకొచ్చి పరిచి, అందరిని నడవమని పిలిచింది మా నాయిననే సార్."