ఒక్క మాట అడగాలి

"మా ఆవిణ్ణి ఒక్క మాట అడగందే సంతకం పెట్టను డాక్టరుగారూ," అంటూ అతను కాగితాన్ని బల్ల మీద వెనక్కి జరిపాడు.

డాక్టరమ్మ ఓపిక తెచ్చుకుంది. "మళ్ళీ చెప్తాను, వినండి. పాప ఊపిరితిత్తికి చిల్లు పడి గాలి బయటికొచ్చేసింది. ఆ గాలి నొక్కేసరికి ఊపిరితిత్తి ముడుచుకుపోయింది. గాలి కొంచెమే అయితే దానంతటదే ఇంకిపోతుంది, మనం ఏమీ చెయ్యక్కర్లేదు. పొద్దున అందుకే ఆగి చూశాం. ఇప్పుడది గుండెను కూడా పక్కకి నెట్టేస్తోంది. సూదితో ఒకసారి లాగేశాను. మళ్ళీ నిండుతోంది. ఇక గొట్టం వెయ్యాల్సిందే."

"పక్కటెముకల మధ్య కోసా?"

"చిన్న గాటు. నొప్పి తెలియకుండా మందిస్తాం."

"పుట్టి ఇంకా ఒక్కరోజు కాలేదండీ..." అతను అద్దంవైపు తిరిగాడు.

అద్దానికి అవతల, అరచెయ్యంత ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. అదీ ఒక పక్కే. రెండో పక్క కదలడం లేదు. పెదవులు నీలం తిరిగాయి.

భార్య ఊరికి ఆ చివర, కాన్పు జరిగిన ఆస్పత్రిలోనే ఉంది. అతను పాపతో అంబులెన్సు ఎక్కి వచ్చేశాడు. గొట్టం సంగతి మెసేజ్ పెట్టి గంటయింది. చేస్తే ఆవిడ ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు.

"మా ఇంట్లో కర్టెన్ రంగు దగ్గర్నుంచీ ఆవిడదే ఆఖరి మాటండీ. తొమ్మిది నెలలు మోసిందీ ఆవిడే. అడక్కుండా కోయించావేమని రేపు నిలదీస్తే ఏం చెప్పను?"

"అరగంట కూడా ఆగలేను," అంది డాక్టరమ్మ.

అప్పుడే మెట్లెక్కి వచ్చింది అత్తగారు. రొప్పుతోంది. కాళ్ళకు చెరో రకం చెప్పు.

"అత్తయ్యా! తను ఫోన్ ఎందుకెత్తదు? నా మెసేజ్ చూసిందా? ఏమంది?"

ఆవిడ బల్ల అంచు పట్టుకుని నిలదొక్కుకుంది.

"ఏమంటుంది? 'కూరగాయలకీ నన్నే అడుగుతాడు, దీనికీ నన్నే అడగాలా? డాక్టరు చెప్పింది చెయ్యమనమ్మా' అంది. పెట్టండి అల్లుడుగారూ, సంతకం పెట్టండి."

ముమ్మూర్తులా భార్య మాటే. అంత భయంలోనూ అతనికి నవ్వొచ్చినంత పనైంది. గబగబా సంతకం పెట్టేశాడు.

లోపల తెర లాగేశారు. అతను చూడలేక గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అత్తగారు మాత్రం అద్దం దగ్గర్నుంచి కదల్లేదు, రెప్ప వెయ్యలేదు. నర్సు కుర్చీ తెచ్చి వేసినా కూర్చోలేదు.

కాసేపటికి తెర తీశారు. పాప పక్కనుంచి సన్నటి గొట్టం కింద నీళ్ళ సీసాలోకి దిగి ఉంది. సీసాలో బుడబుడమని బుడగలు. చిక్కుకున్న గాలి బయటికి పోతోంది. ఇప్పుడు ఛాతీ రెండు పక్కలా లేస్తోంది. పెదవులకు మెల్లగా ఎరుపు వచ్చింది.

"గండం గడిచినట్టే," అంది డాక్టరమ్మ, చేతి తొడుగులు తీస్తూ. "చిల్లు పూడుకుని గాలి రావడం ఆగిపోతే గొట్టం తీసేస్తాం."

అతను కింద చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. తర్వాత చొక్కా అంచుతో మొహం తుడుచుకుని, అద్దంలోంచి పాపను ఫోనులో వీడియో తీశాడు.

"మీరిక్కడే ఉండండి అత్తయ్యా. తనకి చూపించి, చిటికెలో వచ్చేస్తాను."

రెండంగలు వేశాడో లేదో, ఆవిడ వెనకనుంచి చొక్కా పట్టుకుంది.

"వెళ్ళకు."

"అదేంటత్తయ్యా? అక్కడ తను ఎంత కంగారు పడుతుంటుందో!"

ఆవిడ పిడికిలి వదల్లేదు. అంతసేపూ బిగబట్టిన మనిషి నిలువునా వణికిపోయింది.

"దానికి రక్తం ఆగలేదు నాయనా... నా చేత్తో కళ్ళు మూసే ఇటు వచ్చాను."