చెమటచెయ్యి వేసిన మార్కులు

ఇంజనీరు అద్దానికి ముక్కు ఆనించి లోపలికి చూస్తున్నాడు. లోపల ముగ్గురు కుర్చీల్లో జారగిలబడి, అతని ఏడాది కష్టాన్ని చేతుల్లో పట్టుకుని పిసుకుతున్నారు.

దాన్ని హాయి గది అంటారు. కంపెనీ తయారుచేసే వీడియోగేమ్ పరికరాలు చేతికి సుఖంగా ఉన్నాయో లేదో తేల్చేది అక్కడే. తేల్చేవాళ్లకు ఆ అంతస్తులో పేర్లుండవు, చేతులే ఉంటాయి. పెద్దచెయ్యి, చిన్నచెయ్యి, చెమటచెయ్యి.

ఈ ఏడాది ఫ్యాక్టరీలో ఒక్క పరికరానికే చోటుంది. ఇంజనీరు తయారుచేసింది హ్యాండ్‌హెల్డ్. తెర, మీటలు అన్నీ ఒకే పలకలో ఉంటాయి, ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు. దానికి పోటీ కంట్రోలర్. టీవీ ముందు కూర్చుని రెండు చేతులా పట్టుకుని ఆడుకునేది. దాన్ని చేసినవాడు సాక్షాత్తూ అతని బావమరిది. ఓడిన బృందం సోమవారం నుంచి టీవీ రిమోట్ల విభాగానికి పోవాలి. ఆ విభాగం సెల్లార్‌లో ఉంది. అక్కడికి దిగినవాళ్లు మళ్లీ పైకొచ్చిన దాఖలాలు లేవు, క్యాంటీన్‌కి తప్ప.

పొద్దున కంట్రోలర్‌కి ఎనిమిది మార్కులు పడ్డాయి. ఆ ధీమాతో బావమరిది పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బావా, చెప్తే బాధపడతావు గానీ, నీది ఆటవస్తువు కాదు, చేతులకి వేసిన శిక్ష. నాది చూడు, అరచేతిలో ఒదిగిపోతుంది. తెర ఎక్కడో గోడ మీద ఉంటుంది, మెడ వంచక్కర్లేదు."

"నీ దాంతో బస్సులో ఆడగలరా?"

"నీ దాంతో ఆడినవాడు బస్సు దిగేటప్పుడు కడ్డీ పట్టుకోగలడా? పోయినసారి చెమటచెయ్యి ఎంత వేశాడు? మూడు. చిటికెన వేళ్లు పడిపోయాయన్నాడు."

అది నిజమే. పోయినసారి బరువంతా కిందికి లాగేసింది. అప్పట్నుంచి ఇంజనీరు గ్రాముల్లోనే బతుకుతున్నాడు. లోపలి ప్లాస్టిక్ గోడల్ని పల్చగా చెక్కించాడు. బ్యాటరీని అడుగు నుంచి మధ్యకు జరిపాడు. భార్య కాఫీ కప్పు అందిస్తే తాగడం మానేసి, బరువు ఎటు వాలుతోందో వివరించేవాడు. ఆవిడ తమ్ముడి వైపు మొగ్గడానికి అదొక కారణం.

హాయి గదికి రెండు నియమాలున్నాయి. ఒకటి, పరికరం ఆన్ చెయ్యకూడదు. ఆటలో పడ్డవాడికి ఒళ్లే తెలీదు, ఇంక వేళ్ల నొప్పేం తెలుస్తుంది? అందుకని తెర మీద నల్లకాగితం అంటిస్తారు. గోడ మీద ఏ రంగు దీపం వెలిగితే ఆ మీట నొక్కుతూ మూడు గంటలు కూర్చోవాలి. రెండోది, తయారుచేసినవాడు దాన్ని ముట్టుకోకూడదు. ఒకప్పుడు ఎవరో మహానుభావుడు పరీక్షకు ముందు పిడులకు ముఖానికేసుకునే పౌడరు రాసి దొరికిపోయాడు. అందుకే అసెంబ్లీ సెక్షన్ వాళ్లే ముందురోజు సంచిలో పెట్టి, సీలు వేసి, నేరుగా ఈ గదికి పంపిస్తారు.

తలుపు తెరుచుకుంది. చెమటచెయ్యి అరచేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. ఇంజనీరుకి పైప్రాణాలు పైనే పోయాయి.

"పది."

"పదికా, వందకా?" అన్నాడు బావమరిది ఆశగా.

"పదికి పది. ఇరవై ఏళ్లుగా చేతులమ్ముకుని బతుకుతున్నా సార్, ఇంతవరకు ఎవరికీ పది వెయ్యలేదు. మా ఆవిడ చెయ్యి పట్టుకున్నా ఇంత సుఖం ఉండదు. ఈ మాట ఇక్కడితో పోవాలి."

పెద్దచెయ్యీ పదే వేశాడు. చిన్నచెయ్యి అయితే ఇంకో గంట పట్టుకుంటానని లేవనంది. ఆమె చేతుల్లోంచి దాన్ని తీసుకోవడం ఒక పనైంది.

బావమరిది మొహం మాడిపోయింది. "నిజం చెప్పు బావా. ఏం చేశావ్ దాన్ని?"

ఇంజనీరు కాలరెగరేశాడు. "బరువు తగ్గించడం ఎవడైనా చేస్తాడు. బరువున్నా లేనట్టు అనిపించాలి. అదంతా బ్యాటరీ ఎక్కడుందన్న దాంట్లో ఉంది. సెల్లార్‌లో ఎలాగూ తీరిగ్గా ఉంటావుగా, వచ్చి నేర్పుతాలే."

అలా అన్నాడు గానీ అతనికి ఏడుపొచ్చినంత పనైంది. తన బృందంలో పన్నెండు మంది. పొద్దుట్నుంచి ఒక్కరూ అతని కళ్లలోకి చూడలేదు. ఇప్పుడు వాళ్లందరికీ ఫోన్ చెయ్యాలి.

డైరెక్టర్ వచ్చాడు. పరికరాన్ని చేతిలోకి తీసుకుని రెండుసార్లు ఎత్తి దించాడు. కళ్లు మూసుకున్నాడు.

"ఇదీ పనితనమంటే. ఇక దీన్నెవరూ తాకొద్దు. ఇదే నమూనా. ఫ్యాక్టరీలో తయారయ్యే ప్రతి పీసునీ దీని పక్కన పెట్టి తూస్తారు. ఒక్క గ్రాము పెరిగినా మీ బృందమంతా రిమోట్లకే. సరేనంటే సంతకం పెట్టండి."

"గ్రాము దేనికి సార్, అరగ్రాము అని రాయండి," అన్నాడు ఇంజనీరు.

తనే కాగితం లాక్కుని, కొట్టేసి, అరగ్రాము అని దిద్ది, బావమరిది చూస్తుండగా పొడుగ్గా సంతకం చేశాడు. డైరెక్టర్ నమూనాను బీరువాలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి జేబులో వేసుకుని లిఫ్ట్ ఎక్కి వెళ్లిపోయాడు.

అప్పుడు అసెంబ్లీ సెక్షన్ అక్క రెండు చేతులా ఒక ట్రే పట్టుకుని, రొప్పుతూ మెట్లెక్కి వచ్చి, "పరీక్ష ఇంకా మొదలవలేదు కదా సార్, నిన్న హడావిడిలో ఖాళీ డొల్లకే సీలు వేసి పంపించేశాం, మీ బ్యాటరీ, బోర్డు అన్నీ మా బల్ల మీదే ఉండిపోయాయి," అంది.