మూడో పిలుపు

"మా బాపును నాకు బాపు కాదన్నోడు ఎవడు సార్? పేరు చెప్పున్రి!"

గోదావరిఖని బల్దియా ఆఫీసులో, జనన మరణాల సెక్షన్ ముందు హర్షిణి గొంతు ఖంగుమంది. వరుసలో నిలబడ్డ జనమంతా ఇటు తిరిగారు.

గుమాస్తా కామరాజు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అరవకమ్మా. సమాచార హక్కు కింద అడిగావు, జవాబిచ్చాం. కొమురెల్లి వేరు, ఎల్లన్న వేరు అని అభ్యంతరం వచ్చింది. పెట్టినాయన తన పేరు చెప్పొద్దని రాశాడు. ఇంకాసేపట్లో విచారణ. పిలిస్తే లేవక తప్పదుగా, అప్పుడు చూసుకో."

"రాకపోతే?"

"మూడుసార్లు పిలుస్తాం. పలక్కపోతే అభ్యంతరం కొట్టేసి, నువ్వడిగినట్టే రికార్డు మార్చేస్తాం. వచ్చి తన నోటితో చెప్పాడో, ఇక నీకు కోర్టే దిక్కు."

కోర్టుకు వెళ్ళే వ్యవధి ఏది? తండ్రి నౌకరికి వారసురాలిగా కాగితాలు బొగ్గు కంపెనీకి ఇవ్వడానికి రేపే ఆఖరు.

అంతా ఒక్క పేరు దగ్గర చిక్కుకుంది. బొగ్గుబాయి పనిలో ఇలాంటివి కొత్త కాదు. ఎల్లన్న అనే మనిషికి నౌకరి కాగితం వస్తే, ఒక్కరోజు బాయిలోకి దిగి, ఆ చీకటికి జడిసి మహారాష్ట్రలోని భీవండి పారిపోయాడు. అదే కాగితం మీద కొమురెల్లి దిగాడు. అప్పట్నుంచి బాయిలో ఎల్లన్న, ఇంట్లో కొమురెల్లి. బస్తీలో అందరికీ తెలుసు. ఎవరూ నోరు విప్పరు. విప్పితే సగం బస్తీకి పేర్లు ఊడతాయి.

కొడుకు సంపత్ కంపెనీ దవాఖానలో పుట్టాడు కనుక వాడి తండ్రి ఎల్లన్న అయ్యాడు. హర్షిణి సర్కారు దవాఖానలో పుట్టింది. అక్కడ పేరు చెప్పిన అమ్మమ్మకు అల్లుడంటే కొమురెల్లే. అలా పుట్టిన కాగితంలో పడ్డ ఆ పేరును ఎల్లన్నగా మార్చమనే ఆమె బల్దియాలో దరఖాస్తు పెట్టింది. ఇప్పుడు ఆ కొమురెల్లి ఊపిరితిత్తులు చెడి మెడికల్ అన్‌ఫిట్ అయ్యాడు. ఆయన బదులు కంపెనీ ఇంట్లో ఒక్కరికే ఉద్యోగమిస్తుంది, అదీ కాగితాల్లో ఎల్లన్న సంతానమైతేనే. తండ్రి కోసం నర్సింగ్ చదువు సగంలో మానేసి వచ్చి, ఆయన్ని చంటిపిల్లాణ్ణి సాకినట్టు సాకింది హర్షిణి. అందుకే కులపెద్దల ముందు మాటిచ్చాడాయన, నౌకరి బిడ్డదేనని. "కొడుకుండంగ బిడ్డకా?" అని చాయ్ హోటల్ దగ్గర నవ్వినవాళ్ళకు ఒకటే జవాబు: "పానమన్న ఇడుస్త గని, ఇచ్చిన మాట తప్ప."

హర్షిణి వచ్చి వరండాలో బల్ల మీద తండ్రి పక్కన కూలబడింది. బల్ల చివర సంపత్ ఫోన్‌లో తల దూర్చి కూర్చున్నాడు.

"నువ్వే గదరా?" అంది.

"ఏంది?"

"అర్జీ. నౌకరి కోసం సొంత అక్కను ఇంకోని బిడ్డను జేస్తివి."

"అవ్వ తోడక్కా! నాకు నౌకరి అద్దనలే. అట్లని గసొంటి పని నేనెందుకు జేస్త?"

"అవ్వ మీద ఒట్టేసే తాగుడు గూడ ఇడిసినవ్. నీ ఒట్లు నాకెర్కలేవా?"

కొమురెల్లి దగ్గుతూనే చెయ్యి అడ్డం పెట్టాడు. "వాణ్ణి అనకు బిడ్డా. అర్జీ రాసేటంత తెలివుంటే వాడు ఇంటర్ల గన్నిసార్లు ఎందుకు తప్పుతడు?"

అంత కోపంలోనూ హర్షిణికి నవ్వొచ్చింది. సీసా మూత తీసి తండ్రికి నీళ్ళు తాగించింది. గడ్డం మీద కారిన నీళ్ళు కొంగుతో తుడిచింది.

"నువ్వు లోపలికొచ్చి, హర్షిణి నా బిడ్డ అను. సాలు బాపూ."

"ఫికర్ చెయ్యకు," అన్నాడాయన, ఎదురుగోడకేసి చూస్తూ.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. చెమటతో చల్లగా ఉంది. "జరమొచ్చిందా ఏంది?"

ఆయన జవాబు చెప్పేలోగా అటెండరు గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో ఫైలు.

"హర్షిణి కేసు! అభ్యంతరం పెట్టినాయన లోపలికి రావాలె. ఎల్లన్న!"

ఎల్లన్నా? భీవండి పారిపోయిన ఆ ముసలాయన ఇన్నేళ్ళకు తిరిగొచ్చాడా? ఎవరు వెతికి తెచ్చారు? హర్షిణి గేటు వైపు చూసింది. సంపత్ కూడా ఫోన్ దించి, నోరు తెరుచుకుని అటే చూస్తున్నాడు. వాడి మొహం చూస్తే నిజంగానే ఏమీ తెలిసినట్టు లేదు.

గేటు దగ్గర ఒక ఆవు తప్ప ఎవరూ లేరు.

"ఎల్లన్న ఉన్నడా?" రెండోసారి పిలిచాడు అటెండరు.

మెట్ల మీద ఎవరో వస్తున్న చప్పుడు. చాయ్ తెచ్చే మనిషి. అంతే.

హర్షిణికి ఊపిరి అందింది. ఆ ముసలాయన రాలేదు. రాడు. బాయిని చూసి పారిపోయినవాడు బల్దియాకేం వస్తాడు? తండ్రి చెయ్యి గట్టిగా నొక్కింది.

"ఇంకొక్కపారి బాపూ! ఒక్కపారి పలకకపోతే గెలిచినట్టే!"

కొమురెల్లి కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. దేవుణ్ణి మొక్కుతున్నాడనుకుంది.

అటెండరు విసుగ్గా ఫైలు మూయబోతూ గొంతెత్తాడు. "ఇగ ఆఖరుది! ఎల్లన్నా!"

ఆమె వేళ్ళ మధ్య నుంచి తండ్రి చెయ్యి మెల్లగా జారిపోయింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు కొమురెల్లి. ఇటు తిరగలేదు. ఇన్నేళ్ళూ షిఫ్టుకు ముందు హాజరు వేసే మస్టర్ కిటికీ దగ్గర పలికినట్టే పలికాడు.

"హాజర్ సార్. నేనే ఎల్లన్నను."