క్రోసాంట్ల శిక్ష

మంత్రిగారికి,

పదకొండేళ్లుగా కడుపులో దాచుకున్న మాట ఇది. నేను గేటు కాసే సర్కారు సాయం ఆఫీసులో ఎవరైనా కంప్యూటరు తెరిచి వదిలి వెళితే, పక్కవాళ్లు అందులోంచే "రేపు అందరికీ క్రోసాంట్లు తెస్తాను" అని వాళ్ల పేరుతోనే ఆఫీసంతటికీ మెయిలు పంపేస్తారు. మర్నాడు తెరిచి వదిలినవాళ్లు ఆ వెన్న రొట్టెలు తేవాల్సిందే. శిక్ష అంతే.

నాకూ ఒకటి ఇస్తారు. నేను ముట్టను.

"తిను పెద్దాయనా, ఆ మొహమేంటి?" అంటుంది గుమస్తా పెరీన్.

"అందులో జనం చిరునామాలున్నాయమ్మా. అందరూ రొట్టెలే అడుగుతారా?"

"మౌసు పట్టుకోవడం రాదు, మాకు పాఠాలా?"

పోయిన నెల మీ కొత్త చట్టం వచ్చింది. ఆఫీసులన్నీ కంప్యూటర్లకు కాపలా గట్టి చేసుకోవాలట. తనిఖీకి వచ్చిన మీ అధికారి ఈ ఆట చూసి, "భేష్, కంప్యూటరు మూసి లేవడం నేర్పే మంచి అలవాటు," అని రాసుకుని, రెండు తిని పోయాడు.

మొన్న మంగళవారం పెరీన్ కాఫీకి లేచింది. ఆమె కుర్చీలో కూర్చున్నవాణ్ణి గేటు నుంచి చూశాను. అదే గదిలో పనిచేసే నా అల్లుడి తమ్ముడు. వాడు క్రోసాంట్లు అడగలేదు.

ఆ సాయంత్రమే, కొట్టే మొగుడికి దొరక్కుండా దాక్కున్న నా కూతురి తలుపు పగిలింది. చెయ్యి విరిగింది. కంప్యూటరులో మాత్రం ఆమె చిరునామా తెరిచి చూసింది పెరీనే అని ఉందట.

ఇరవై రెండున నా కూతురు ఇల్లు మారుతోంది. సాయం ఆగకూడదంటే కొత్త చిరునామా ఆ కంప్యూటరులోనే ఎక్కించాలంటున్నారు. ఎక్కించనివ్వాలా? ఇరవై ఒకటిలోగా మీ చేత్తో జవాబు రాయండి.