మగకుక్కకు ఆపరేషన్

మ్జూజు ఊరి సంతలో కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఉచితంగా ఆపరేషన్లు చేసే శిబిరం పెట్టారు. తన వంతు వచ్చాక కూడా తవోంగా తన కుక్కను వదల్లేకపోయింది.

"ఒక్కసారైనా తండ్రి కాకుండానే ఆపరేషన్ చేయిస్తే పాపం కదయ్యా?" అని మొగుడు సంగ్వానిని అడిగింది. పెళ్లైన ఏడేళ్లుగా పిల్లల కోసం ఆమె తాగని నాటుమందు లేదు.

మొదటి భార్యతో నలుగురు పిల్లలున్న సంగ్వాని పెద్దగా నవ్వాడు.

"ఓసి పిచ్చిదానా, దానికేం కాదే. నాకు చేసినప్పుడు మూడోరోజే లేచి పనికెళ్లాను."

అనేసి నాలుక కరుచుకున్నాడు. అతనికి ఆపరేషన్ అయిందని తవోంగా వినడం అదే మొదటిసారి.

ఆమె కుక్క వీపు నిమిరింది. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు.

"ఏం చేద్దామమ్మా?" అని డాక్టరు మళ్లీ అడిగాడు.

"చేసెయ్యండి. దీన్ని నమ్ముకుని కూర్చున్న పెళ్లామేం లేదుగా," అంది.