భాద్రపదంలో వసంతం

"ఏప్రిల్లో వద్దండి" అన్నారు వెనకనించి ఎవరో.

సత్యనారాయణమ్మ తిరిగి చూసింది.

ట్రావెల్స్ ఆఫీసులో గోడవారగా వేసిన బల్ల మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఉతికిన తెల్లచొక్కా, ఒళ్ళో గొడుగు.

ఆమె చేతిసంచీ దగ్గరికి లాక్కుంది. పాస్‌పోర్టు ఉన్నవాళ్ళ చుట్టూ అమలాపురంలో బ్రోకర్లు ఎలా తిరుగుతారో ఆమెకి తెలుసు. గల్ఫ్ పేరు చెప్పి వాళ్ళ వీధిలోనే ముగ్గుర్ని ముంచేరు.

"మా చెల్లెలు డర్బన్‌కి వసంతకాలంలో రమ్మందండి. వసంతం అంటే చైత్రం కాదా?" అంది కరుకుగా.

"మనకి చైత్రమేనండి. అక్కడ అప్పుడు చలికాలం ముందుకొస్తుంటుంది. వాళ్ళ వసంతం మన భాద్రపదంలో మొదలవుతుందండి."

ఆమె నమ్మలేదు. కౌంటర్లో టిక్కెట్లు రాసే సత్యప్రియ కంప్యూటర్లో చూసి, ఆ పెద్దాయన దేవసహాయంగారు చెప్పింది నిజమేనంది. ఉగాది వెళ్ళిన వారానికి రాయబోయిన టిక్కెట్టు సెప్టెంబరు చివరికి మారింది.

సత్యనారాయణమ్మకి ఆర్నెల్లు ఆగడమే కష్టం.

ఇరవయ్యారేళ్ళ కిందట చెల్లెలు ఇందిర, మేష్టరుద్యోగం వచ్చిన భర్తతో ఆఫ్రికా బయల్దేరింది. అప్పటికి తల్లి మంచంలో ఉంది. కోటిపల్లి రేవులో పడవెక్కబోతున్న చెల్లెలితో, "అమ్మనిలా వదిలేసి వెళ్తున్నావు, మళ్ళీ నా గుమ్మం తొక్కకు" అంది సత్యనారాయణమ్మ.

ఇందిర తొక్కలేదు. తల్లి పోయినప్పుడు కూడా.

ఇప్పుడు మోకాళ్ళు పోయి తను రాలేనని, చలి తగ్గి వసంతం రాగానే నువ్వే రా అక్కా అని ఉత్తరం రాసింది. ఇద్దరూ బతికుండగానే ఆ మాట వెనక్కి తీసుకోవాలి. సత్యనారాయణమ్మకి అంతకన్నా కోరిక లేదు.

వినాయకచవితి ముందు పురోహితుడు పంచాంగం చూసి, ప్రయాణం పితృపక్షాల్లో పడిందన్నాడు. పక్కింటి వీరాయమ్మ ఊరుకుంటుందా? "పితృపక్షాల్లో ఎగిరితే మరి దిగరేమో వదినా, తిన్నగా పైకే" అంది.

సత్యనారాయణమ్మకి రెండ్రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు పొద్దున్నే ఆఫీసుకొచ్చి, దసరా వెళ్ళాక రాయమంది. లేదంటే మళ్ళీ ఏడాది చూద్దామంది.

బల్ల మీది ముసలాయన లేచి వచ్చేడు.

"వాయిదా వెయ్యకండమ్మా."

"ఏం, మీ కమిషన్ పోతుందా?"

ఆయన మొహం చిన్నబోయింది. అయినా పక్కకి తప్పుకోలేదు.

"పంచాంగం సంగతి నాకు తెలీదండి. పిలిచినవాళ్ళు పిలిచినప్పుడే వెళ్ళాలి. తరవాత వెళ్దామంటే, ఆ తరవాత అన్నది మన చేతిలో ఉండదు."

ఆ మాట ఆమెకి ఎక్కడో తగిలింది. పితృదేవతల్లో తన తల్లీ ఉంది కదా, చెల్లెల్ని చూడ్డానికి వెళ్తుంటే ఆవిడెందుకు అడ్డొస్తుంది అనుకుంది. టిక్కెట్టు మార్చలేదు.

అప్పుడాయన దారంతా చెప్పేడు. ఆమె నోట్‌బుక్కులో రాసుకుంది. జోహన్నెస్‌బర్గులో విమానం మారాలి, అక్కడ కంగారు పడకూడదు. ఆవకాయ సీసా విప్పి చూపించమంటారు, చూపించాలి. సాయంత్రం సముద్రపు గాలికి స్వెట్టరుండాలి. డర్బన్‌లో బయటికి రాగానే ఎడమచేతివైపు గాజుతలుపు ఉంటుంది, మనకోసం వచ్చినవాళ్ళు అక్కడే నిలబడతారు.

"అక్కడిదాకా వెళ్తే చాలండి. ఇంక భయం లేదు" అన్నాడు.

ఇదంతా ఏం ఆశించి చెప్తున్నాడో అనుకుంటూనే ఆమె సంచీ సర్దుకుంది. వెళ్ళొస్తానని కూడా అనలేదు.

ఆయన చెప్పిన దారి పొల్లుపోలేదు. గాజుతలుపు దగ్గర కర్ర పట్టుకుని, జుట్టంతా నెరిసిన ఇందిర నిలబడి ఉంది.

సత్యనారాయణమ్మ దారంతా కూడబలుక్కున్న మాట మొదలెట్టింది.

"ఆ రోజు నేను..." అంది.

"అక్కా, ముందు ఇంటికి పద. చారు కాచేను" అంది ఇందిర.

రెండు నెలలున్నారు కలిసి. వీధిలో చెట్లు ఊదారంగు పూలు రాల్చేయి. పొద్దుటే ఇద్దరూ ఆ పూల మీద మెల్లగా నడిచేవారు. తల్లి గురించి చెప్పుకుని ఏడ్చేరు, వీరాయమ్మ మాట చెప్పుకుని నవ్వేరు. తిరుగుప్రయాణం రోజున సత్యనారాయణమ్మ ఇందిర చెయ్యి వదల్లేక వదిలింది గానీ, ఈసారి చెల్లెలు కనుమరుగయ్యేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే వచ్చింది.

ఊరొచ్చిన మర్నాడే ఒక బిస్కెట్ల డబ్బా పట్టుకుని ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్ళింది. బల్ల ఖాళీగా ఉంది.

"దేవసహాయంగారు పోయిన వారం పోయేరండి మామ్మగారూ" అంది సత్యప్రియ. "నిద్రలోనే."

సత్యనారాయణమ్మ డబ్బా కౌంటరు మీద పెట్టేసింది.

"బ్రోకరనుకున్నానే తల్లీ. నోటికొచ్చినట్టు అన్నాను. డర్బన్‌లో ఎన్నాళ్ళుండేవారేంటి ఆయన?"

"ఆయన విమానమే ఎక్కలేదండి."

"మరి ఆ దారంతా?"

"కూతురు రూతు అక్కడ నర్సండి. నాన్నొస్తే తడబడకూడదని అడుగడుగూ ఉత్తరాల్లో రాసేది. నీ చెల్లికి సంబంధం చూస్తున్నాం, పెళ్ళి చేసి వచ్చే ఏడు వస్తానన్నారండి ఈయన."

సత్యప్రియ బల్లవైపు చూసింది.

"వచ్చే ఏడు వచ్చేసరికి రూతే పోయిందండి. డర్బన్ వెళ్ళేవాళ్ళు ఎవరన్నా వస్తే ఆ దారి చెప్పాలని ఆరేళ్ళనించీ రోజూ ఇక్కడికొచ్చి కూర్చున్నారు, వచ్చింది మీరొక్కరే."