గుంజలు కొరికిందెవరు?

బొగ్గు గుట్ట లోపలి సొరంగంలో పందికొక్కులు కాపురముండేవి. పైకప్పు కూలకుండా నిలబెట్టిన కర్ర గుంజలే వాటికి ఆధారం. ఆ గుంజలను చూసుకునే పని ముసలి పందికొక్కు ఎల్లవ్వది.

ఒకనాడు గుంజల మొదళ్లు కొరికి ఉండటం ఎల్లవ్వ కంటబడింది. అందరినీ పిలిచి, "ఎవరురా ఈ పని చేసింది?" అని అడిగింది. అందరూ ఎవరి బొరియకు వాళ్లు జారుకున్నారు.

కాసేపటికి మొండయ్య ఒంటరిగా వచ్చి ఆమె చెవిలో చెప్పాడు. "అవ్వా, పళ్లు దురద పెడితే ఒక్క గుంజ కొరికిన. ఎవరికీ చెప్పకు."

వాడు పోగానే లచ్చవ్వ వచ్చింది. ఆమెదీ ఒక్క గుంజే, ఆమెదీ అదే మాట. తర్వాత ఓదేలు, ఆ తర్వాత ఇంకొకరు. చివరికి గుంపులో చెప్పనివాళ్లే మిగల్లేదు.

అంతలో పైనుంచి బొగ్గుపొడి రాలింది. ఎల్లవ్వకు ఒళ్లు మండిపోయింది.

"మీ రహస్యాలు పాడుగాను! అందరు కొరికిండ్రు, అందరు నా చెవిలనే చెప్పిండ్రు. ఇగ ఎవరికి తెల్వకుండ దాచుడు? పిల్లలను పట్టుకొని ఉరుకుండ్రి!"

అందరూ బయటపడగానే సొరంగం కుప్పకూలింది. ముందు ఎవరు కొరికారని పెద్దలంతా అక్కడే కొట్లాటకు దిగారు. ఎల్లవ్వ వాళ్లవంక చూడకుండా కొత్తచోట మట్టి తవ్వడం మొదలుపెట్టింది.

"ఈసారి పళ్లు దురద పెడితే నలుగురి ముందట చెప్పుండ్రి," అంది విసుగ్గా. "కొరకను పుల్లలు నేనే తెచ్చిస్త."